ఆరని గుట్ట

ఇప్పటి గోడరంగులకు వాసన లేదు. డబ్బా మీద దాన్ని గొప్పగా రాసుకుంటున్నారు కూడా. మొన్న జగిత్యాలలో మా ఇంటికి రంగులు వేయిస్తే, ఏ గోడ ఆరిందో ముక్కుకు తెలియక మంచి చీర ఒకటి పాడుచేసుకున్నాను. గోడకున్న నూనెరంగుల బొమ్మను దించి తుడుస్తుంటే మాత్రం, ఇన్నేళ్ల తర్వాత కూడా అవిసె నూనె వాసన సన్నగా తగిలింది.

ఆ బొమ్మ నా పదకొండో ఏట మొదలైంది. అంతకు ముందటేడు, కోరుట్ల దగ్గరి మా ఊళ్లో అన్నల సంఘం వాళ్లు మా పొలాల్లో ఎర్రజెండాలు పాతాక, దొరలం గనుక, తెల్లారకముందే సామాన్లు బండ్లకెత్తుకొని జగిత్యాల వచ్చేశాం. పిల్లల చదువుల కోసం వచ్చామని ఇంట్లో చెప్పుకునేవాళ్లు. తాత కూడా అదే చెప్పేవాడు. ఆయన ఏ తరగతిలో చేరాడో నాకు తెలియదు.

ఆ చదువుల్లో భాగంగా నాకు సిరిసిల్ల డ్రాయింగు సారు దొరికారు. వాళ్ల ఊరి మగ్గం మీద నేసిన ముతక గుడ్డను చట్రానికి బిగించి, వజ్రం బంక పూసి, పాత క్యాలెండరులోంచి కత్తిరించిన ఫ్రెంచి బొమ్మ ఒకటి ముందు పెట్టి, చూసి వెయ్యమన్నారు: నీలపు గుట్ట, దాని కింద పచ్చవీ పసుపువీ చేల ముక్కలు, ఓ ఖాళీ దారి. ఫ్రాన్సులో ఇంప్రెషనిస్టులనే చిత్రకారుల తర్వాత వచ్చిన ఇలాంటి వాళ్లు గీత గియ్యరని, రంగు ముక్క పక్కన రంగు ముక్క పెట్టుకుంటూ పోతారని, దూరంగా నిలబడి కళ్లు సగం మూసి చూస్తే గుట్ట దానంతటదే లేస్తుందని చెప్పారు. తాతకు రెండు కళ్లలోనూ శుక్లాలు. ప్రత్యేకంగా మూసే పని లేకపోయింది.

పసుపు బండ్లు మార్కెటుకు పోయే రోజులు, వీధంతా ఉడికిన పసుపు వాసన. నా వెనక కుర్చీ వేసుకొని చాలాసేపు చూసి, "గిది మన గుట్టనే బిడ్డా" అన్నాడు తాత.

ఆనాటి నుంచి ఆయన చెబుతూ పోయాడు, నేను వేస్తూ పోయాను. ఫ్రెంచి చేల మధ్య మేం వదిలొచ్చిన పెద్ద ఇల్లు, మా గడి లేచింది, ఆ తర్వాత ప్రహరీ, మోటబావి, మామిడితోట, ఎడ్లకొట్టం, చివరికి ఆయన సాయంత్రాలు కూర్చునే అరుగు. "బాయి గిటు జరుపు బిడ్డా, నీళ్లు కనవడాలె." తలుపు చప్పుడైతే ఆయన మాట, నా కుంచె రెండూ ఆగేవి, పాలవాడని తేలాక మళ్లీ బావి దగ్గరికి పోయేవాళ్లం.

"గిది ఆరినంక ఊరికి వోదాం" అనేవాడు. బొమ్మ పూర్తయ్యేసరికి వానలు పట్టుకున్నాయి. నూనెరంగు ముసురులో ఆరదు. తాత రోజూ వేలితో తాకి చూసేవాడు. అది ఆరకముందే, జగిత్యాలలోనే పోయాడు. ఆయన వేలిముద్ర దారి మధ్యన ఉండిపోయింది. ఆ బొమ్మ మొత్తంలో మనిషి జాడ అదొక్కటే.

గడి కూలింది. మా గుట్టను గ్రానైటు కోసం కోసుకుపోయారు; ఫ్రాన్సుది ఉండే ఉంటుంది.

మొన్న బొమ్మ తుడుస్తుండగానే మల్లవ్వ వచ్చింది, ఊరి బడి పండుగకు నన్ను పిలవడానికి. మా దగ్గర పాలేరుగా జీతమున్న లచ్చయ్య బిడ్డ. ఇప్పుడు ఊరి సర్పంచి. లచ్చయ్య మా తాత ముందు చెప్పులు విడిచి నిలబడేవాడు. ఈమె నన్ను అక్కా అంటుంది. నాకు అదే బాగుంది.

"అరే, గిది మనూరే గదక్కా" అంది బొమ్మను చేతిలోకి తీసుకొని. ఆ సంతోషంలో చాయ పెట్టడానికి లేచాను. ఆమె కళ్లజోడు సర్దుకొని గుట్ట నుంచి గడి దాకా, గడి నుంచి బావి దాకా తీరిగ్గా చూసింది.

"మంచిగనే ఏసినవ్. మరి మా ఇండ్లేవి?"