కుళాయి రాలేదు, నల్లా వచ్చింది

నా చిన్నప్పుడు మా గల్లీల నీళ్లు వచ్చుడు కండ్లకంటే ముందు చెవులకు తెలుస్తుండె. నాంపల్లి స్టేషన్ వెనుక గల్లీ అది. తొమ్మిది ఇండ్లకు కలిపి ఒక్కటే నల్లా. అది మా గడప పక్కన్నే, గోడకు ఉండె. నీళ్లు వచ్చే ముందు పైపుల గాలి కదులుతది. మొదలు సన్నగ ఈల లెక్క, తర్వాత ఎవరో గొంతు సవరించుకున్నట్టు గురగుర. గా గురగుర ఇనబడ్డంక ఇరవై లెక్కపెట్టే లోపల ఎర్ర నీళ్లు దుంకుతయి. జరసేపు ఇడిస్తే తేటబడతయి.

ఎండాకాలంల రోజు విడిచి రోజు వస్తుండె. ఎక్కువగ మధ్యాహ్నమే, అందరు తిని నడుం వాల్చిన యాళ్ల. అర్ధగంట ఉంటె మా అదృష్టం. అందుకని గల్లీల ఒక కట్టు ఉండె. నల్లా పక్కనున్నోళ్లు ముందు అందరిని పిలువాలె, తర్వాతనే తమ బిందె కింద పెట్టుకోవాలె. మా ఇంట్ల ఆ పని నాది. నా గొంతు పుట్టుకతోనే గరుకు. మా అమ్మ నన్ను పాట పాడనియ్యకపోతుండె గాని, పిలువుడుకైతే నన్నే ముందుకు తోస్తుండె. గల్లీ నడుమల నిలబడి మూడుసార్లు నల్లా వచ్చిందీ అని అరిస్తే తలుపులు టపటప తెరుచుకుంటుండె. పెద్ద పెద్ద ఆడోళ్లు నా మాట మీద బిందెలు ఎత్తుకొని ఉరికొస్తుండె. తొమ్మిదేండ్ల పిల్లకు అంతకంటే ఏం కావాలె.

గల్లీ కొసకు మలుపు తిరిగినంక ఉన్న ఒక్క ఇంటికి మాత్రం నా గొంతు కూడ అందకపోతుండె. గాడికి ఉరికి తలుపు కొట్టి రావాలె. అది కూడ నా పనే.

ఆ కొసింట్లకు ఆంధ్ర దిక్కు నుంచి ఒక జంట కొత్తగ కిరాయికి దిగింది. ఆయన ఆబిడ్స్‌ల ఏదో ఆఫీసుల గుమాస్తా. ఆమెకు ఇరవై ఏండ్లు నిండినయో లేదో. మేము పిల్లలం చిన్నమ్మ అని పిలిస్తే నవ్వి, పిన్ని అనండర్రా అన్నది. వచ్చిన మొదటి రోజు చంకల బిందె పెట్టుకొని మా గడప ముంగటికొచ్చి, "కుళాయి ఎక్కడుందండీ?" అని మా అమ్మను అడిగింది. మా దిక్కు కుల్లాయంటే నెత్తికి పెట్టుకునే టోపీ. మా అమ్మ లోపలికి చూసి, "ఏమో చెల్లే, మా ఆయనకు టోపీ అలవాటు లేదు" అన్నది. గా మాట మీద గల్లీ గల్లంత నెల రోజులు నవ్వుకున్నది. ఆమె కూడ నవ్వేది. నవ్వి, మళ్ల కుళాయే అనేది. పుట్టినకాన్నుంచి నోట్ల ఉన్న మాట ఎక్కడికి పోతది.

ఆమె మీద నాకు చిన్న కోపం ఉండె. ఏందంటే, ఒకనాడు వరుసల ఆమె బిందెను నేను చేత్తో పట్టి జరిపిన. "ఆ చేతులు కడుక్కుని ముట్టుకో అమ్మా" అన్నది. మెల్లగనే అన్నది. నా చేతులకు మామిడికాయ ముక్కకు అద్దుకున్న ఉప్పు కారం ఉండె, ఆమె అన్నది నిజమే. గాని నలుగురి ముంగట అన్నది. నా మీద పెత్తనం చేసేతందుకు ఈమె ఎవరని లోపల పెట్టుకున్న.

గా ఎండాకాలం ఆమెకు ఏడో నెల. ఒకనాడు పొద్దున మా ఇంటికొచ్చి, గడప మీద కూసోని నన్ను దగ్గరికి పిలిచింది. "మధ్యాహ్నం కన్ను మూతపడిందంటే నాకు తెలివి రావట్లేదే అమ్మా. ఇంట్లో చుక్క నీళ్లు లేవు. కుళాయి రాగానే వచ్చి తలుపు గట్టిగా కొట్టు, ఏం?" అన్నది. ఔ పిన్నీ అన్న. తల కూడ ఊపిన.

మధ్యాహ్నం నల్లా ఈలేసింది. నేను గల్లీల నిలబడి మూడుసార్లు పిలిచిన. ఏడు తలుపులు తెరుచుకున్నయి. తర్వాత కొసింటి దిక్కు ఉరికిన. మలుపు దాక పోయిన. గాడ నా కాళ్లు ఆగినయి. ఆమె కుళాయి వస్తే పిలువమన్నది గద, వచ్చింది నల్లా గద, అని ఒక తిక్క ఆలోచన తట్టింది. నాకు నవ్వొచ్చింది. ఎంత తెలివిదాన్నని నన్ను నేను మెచ్చుకున్న. తలుపు కొట్టకుండనే మర్లొచ్చిన.

ఆమె రాకపోయేసరికి, ఇంట్ల నీళ్లున్నయేమో అనుకున్నరు అందరు. ఎవరి తొందర వాళ్లది. మా ఇంట్లకు నాలుగు బిందెలు నిండినయి. నల్లా దగ్గి దగ్గి బందయింది. ఆడోళ్లు లోపలికి పోయిన్రు. నేనొక్కదాన్ని చెంబు కడుగుతున్న. అప్పుడొచ్చింది ఆమె, రెండు బిందెలు పట్టుకొని. జుట్టు ముడి ఊడి ఉండె, చెంప మీద చాప అచ్చులు పడి ఉండె.

"కుళాయి వచ్చిందా అమ్మా?"

"కుళాయి రాలే పిన్నీ. నల్లా వచ్చింది. వచ్చి పోయింది."

అని ఆమె నవ్వుతదేమోనని చూసిన. ఆమె నవ్వలే. నల్లా కింద తడి నేలను చూసింది, తర్వాత నన్ను చూసింది. "అలాగా," అన్నది. "నల్లా అనాలన్నమాట." ఒక బిందె చంకన, ఒక బిందె చేతిల పట్టుకొని సడక్ దిక్కు నడిచింది. మా ఇంట్ల నాలుగు బిందెలు నిండి మూతలు పెట్టి ఉన్నయి. ఒక్కటి తీస్కపో పిన్నీ అనెతందుకు నా నోరు రాలే. గంత అరిచే నోరు.

సడక్ దాటినంక లారీలు నిలబెట్టే జాగల ఒక చేతి బోరింగ్ ఉండె. దాని చుట్టు ఎప్పుడు పాకురే. ఎర్రటి ఎండల ఏడో నెల మనిషి ఒక్కతే బోరింగ్ కొట్టి, నిండిన బిందె ఎత్తుకోబోయి జారింది. జరసేపటికి గాడి పాన్ డబ్బా ఆయన ఉరుక్కుంట వచ్చి, మీ గల్లీ ఆంధ్రామె పడ్డదని చెప్పిండు. ఆడోళ్లందరు ఉరికిన్రు. మా అమ్మ చెప్పులు కూడ ఏసుకోలే. రిక్షాల పండబెట్టి దవాఖానకు తీస్కపోయిన్రు. నేను నల్లా కాడనే నిలబడ్డ. కొసింటి తలుపు బార్లా తెరిచి ఉన్నదట, ఎవరో పోయి దగ్గరికేసి వచ్చిన్రు.

పొద్దుగూకంగ మా అమ్మ వచ్చింది. నొప్పులు మొదలైనయని, ఆపుతందుకు సూదులు ఇస్తున్నరని, ఏమైతదో చెప్పరాదన్నరని మా నాయినకు చెప్పింది. అప్పుడే పిన్ని వాళ్ల ఇంటి ఓనరు తల్లి, గల్లీ అంతటికి పెద్ద మనిషి అయిన అవ్వ, మా గడపలకొచ్చి పిన్నిని పిలిచిందెవరు, పిలువనిదెవరని అడిగింది. మా అమ్మ నా జడ పట్టి ముంగటికి గుంజింది. "తలుపు కొట్టినవా లేదా? నిజం చెప్పు."

కొట్టిన అన్న.

ఆమె నాలుగు రోజులు దవాఖానలనే ఉన్నది. గా నాలుగు రోజులు ఆమె బతకాలని, కడుపుల బిడ్డ బతకాలని దండం పెట్టుకున్న. పెట్టుకుంటనే ఇంకోటి కూడ అనుకున్న. ఆమె ఇంటికి వస్తే నా అబద్ధం బయటపడ్తది, అటే వాళ్ల ఊరికి పోతే బాగుండు అనుకున్న. ఒక ఘడియ అయితే అసలు తిరిగి రాకుంటేనే బాగుండు అనుకున్న. అసలు రాకుంటే అంటే ఏందో నాకు తెల్సు. తెల్సే అనుకున్న. ఈ మాట నా పెనిమిటికి కూడ చెప్పలే. ఆయన పోయి పదేండ్లాయె. ఇప్పుడే చెప్తున్న.

నొప్పులు ఆగినయి. ఆమె వచ్చింది. కాన్పు దాక మంచం దిగొద్దన్నరు. గల్లీ ఆడోళ్లంత ఆమె మంచం చుట్టు కూసున్నరు. మా అమ్మ నన్ను ఈడ్చుకపోయింది. అవ్వ అందరి ముంగట్నే అడిగింది, ఈ పిల్ల నీ తలుపు కొట్టిందంటుంది, నిజమేనా బిడ్డా అని. నేను నేల చూసుకుంట నిలబడ్డ. మా అమ్మ చెయ్యి నా జడ మీదనే ఉండె.

పిన్ని నా దిక్కు చూసింది. కోపంగ చూడలే, జాలిగ చూడలే. నల్లా కాడ చూసినట్టే చూసింది. "పిల్ల వచ్చి కొట్టిందండీ," అన్నది. "నేనే మొద్దునిద్ర పోయాను."

జడ మీది చెయ్యి వదులైంది. అదే చెయ్యి నా తల నిమిరింది. నా బిడ్డ అబద్ధం చెప్పదని నాకు తెల్సు అన్నది మా అమ్మ. అవ్వ కొంగు ముడి ఇప్పి ఒక పటిక బెల్లం ముక్క నా నోట్ల పెట్టింది. ఇంటికి వచ్చే తొవ్వల దాన్ని మోరీల ఉమ్మేసిన. ఆ దినం ఎవరన్న నా వీపు ఇమానం మోత మోగిచ్చి ఉంటే ఇంత బరువు ఉండకపోవు. కొట్టిన దెబ్బ వారానికి మానుతది.

ఆమె ఎందుకట్ల చెప్పిందో నాకు చాన ఏండ్లు అర్థం కాలే. మంచి మనిషి అన్నది ఒకటి ఉన్నది. గాని ఇప్పుడు అనిపిస్తది, మమ్ములను చూసి జర భయపడ్డదేమో కూడ. కొత్త ఊరు, మంచం దిగరాదు, మేము పోస్తేనే ఆమెకు నీళ్లు. గల్లీ పిల్లను దొంగను చేసి గా గల్లీలనే ఎట్ల బతుకుతది. నీళ్ల కోసం ఒకరి మీద ఆధారపడ్డ మనిషి నిజం చెప్పెతందుకు కూడ ఆలోచించాలె. గిది తట్టినప్పుడు నాకు ఇంకా ఎక్కువ సిగ్గయింది.

గా రోజు నుంచి నల్లా ఈలెయ్యంగనే ముందు కొసింటికే ఉరుకుతుంటి. ఆమె బిందెలు నేనే నింపి మోస్తుంటి. మా అమ్మ గర్వంగ చెప్పుకునేది, నా బిడ్డకు ఎంత దయ అని. ఆమె మంచం మీద నుంచి, "నల్లా వచ్చిందా అమ్మా?" అనేది. గంతే. కుళాయి అన్న మాట మళ్ల ఆమె నోట ఇనలే. అది వాళ్లమ్మ, వాళ్లమ్మమ్మ నోటి మాట. నేను పీకేసిన. ఒకనాడు ధైర్యం చేసి, పిన్నీ గా దినం నేను, అని మొదలుపెట్టిన. "బిందె వంచకు, ఒలుకుతుంది" అన్నది. నేను బిందె సరిగ పట్టుకున్న.

బిడ్డ పుట్టింది, ఆడపిల్ల. సన్నగ ఉండె గాని బతికింది. బతికింది గాబట్టే ఈ మాటలు చెప్పగలుగుతున్న, లేకుంటే నాకు నోరు పెగలకపోవు. ఆ ఏడాది తిరగకముందే వాళ్లు హిమాయత్‌నగర్‌కు మారిన్రు. సామాను బండి మీద ఎక్కుతుంటే నేను గోడకు ఆనుకొని చూసిన. ఉరికి పోయి కాళ్లు పట్టుకోవాలె అనుకున్న. బండి కదిలింది.

నీళ్లు నా చేతిల లేకుండె. నీళ్లు వచ్చిన కబురు నా చేతిల ఉండె. గది నీళ్లకంటె ఎక్కువని ఆమెను చూసి తెలుసుకున్న.

ఇప్పుడు ఆబిడ్స్‌ల, దుకాండ్ల వెనుక ఒక బిల్డింగ్‌ల నా కొడుకు దగ్గర ఉంటున్న. బోరు ఎండిపోయింది. ఎండాకాలం ట్యాంకర్ వస్తది, సంపుల పోస్తరు, మోటారు అర్ధగంట ఏస్తరు. ఆ అర్ధగంటలనే ఎవరి నీళ్లు వాళ్లు పట్టుకోవాలె. ఎప్పుడు ఏస్తరన్నది ఫోన్ల గ్రూపుల పెడతరు. చదవచ్చినోళ్లు చదువుకుంటరు. నాకు రాదు. పై అంతస్తుల గదులల్ల ఉండే ఒరిస్సా పిల్లలకు రాదు, బట్టలు ఇస్త్రీ చేసేటాయన పెండ్లానికి రాదు. ఎన్ని నీళ్లొచ్చినయని మీటింగుల కొట్లాడుకుంటరు. వచ్చిన సంగతి ఎవరికి తెల్సింది, ఎవరికి తెల్వలే అని ఎవ్వరు అడుగరు.

అందుకని బిల్డింగ్‌ల ఎవరు కొత్తగ దిగినా, నేను మోకాళ్లు పట్టుకొని మెట్లెక్కి పోయి ముందు ఒకటే అడుగుత. మీ ఊర్ల దీన్ని ఏమంటరని నల్లా చూపెట్టి అడుగుత. వాళ్లు చెప్పిన మాట నోట్ల నాలుగుసార్లు తిప్పుకుంట. నాకు సరిగ రాదు, వాళ్లు నవ్వుతరు, నవ్వనీ. మోటారు ఏసిన దినం వాళ్ల మాటతోనే పిలుస్త. మా కోడలు, ఇంత మెట్లు ఎందుకు ఎక్కుతవ్ అత్తమ్మా, కిందికెల్లి పిలిస్తే ఇనబడదా నీ గొంతు అంటది.

ఇనబడ్తది. గాని తలుపు కొట్టకుండనే కొట్టిన అని ఒకసారి చెప్పినదాన్ని నేను. నా మాట మీద నాకే నమ్మకం లేదు. తలుపు తెరిచి, మనిషి బకెట్ పట్టుకొని బయటికొచ్చేదాక గాడనే నిలబడ్త.