రొయ్యకు పటం

మా పక్క కొట్టు సెలూన్‌లో ఒక నీళ్ళ తొట్టి ఉంది. నాలుగడుగుల పొడవు, అడుగున్నర ఎత్తు, పది మిల్లీమీటర్ల అద్దం. ఆ అద్దం కోసింది నేను, అతుకులు వేసింది నేను. పటాలు కట్టుకునేవాడికి తొట్లు కట్టడం ఏం వచ్చని నవ్వినవాళ్ళు ఈ వీధిలోనే ఉన్నారు. నాలుగేళ్ళయింది, ఒక్క చుక్క కారలేదు. ఈ మాట ముందుగా చెప్పేస్తే గానీ నాకు మనసు కుదుటపడదు. ఇక ఆ తొట్టి యజమాని సంగతికి వస్తాను.

ఆయన్ని అందరూ నిదానం అంటారు. కుర్చీలో కూర్చున్నవాడు కాస్త తల కదిపితే చాలు, కత్తెర పైకెత్తి "నిదానం, నిదానం" అంటాడు. ఆ మాటే పేరైపోయింది. ఒక క్రాఫుకు ముప్పావుగంట పడుతుంది. తొందరున్నవాళ్ళు రెండో కుర్చీలో కూర్చుంటారు. అక్కడ ఆయన బావమరిది, అంటే భార్యకు తమ్ముడు, పావుగంటలో పని తేల్చేస్తాడు. పదకొండేళ్ళుగా ఇద్దరూ పక్కపక్కనే నిలబడి పని చేస్తున్నారు. కానీ నిదానం తన తల మాత్రం బావమరిది చేతికి ఇవ్వడు. నెలకోసారి రెండు బస్సులు మారి, తనకు పని నేర్పిన పెద్దాయన దగ్గరికి వెళ్ళి క్రాఫు చేయించుకొస్తాడు. బావమరిది ఆ ఊసు ఎప్పుడూ ఎత్తడు. ఆ రోజు మాత్రం ఎవరితోనూ పెద్దగా మాట్లాడకుండా కడిగిన దువ్వెనలే మళ్ళీ కడుగుతుంటాడు.

తొట్టి పిచ్చి ఆస్పత్రిలో అంటుకుంది. నాలుగేళ్ళ కింద కుడి మణికట్టు నొప్పి చూపించుకోవడానికి వెళితే, అక్కడి హాల్లో ఉప్పునీళ్ళ తొట్టి కనిపించిందట. అందులో ఒక రొయ్య. ఎర్రటి వీపు మీద నిలువుగా తెల్ల చార, పొడవాటి తెల్ల మీసాలు. అది ఒక చేప మీదికెక్కి చెంపా, దవడా, కంటి పక్కా శుభ్రం చేస్తోంది. చేపేమో కదలకుండా మెడ ఎత్తి ఇస్తోంది. నిదానం నంబరు రెండుసార్లు పిలిచినా ఆయనకు వినపడలేదు. మర్నాడు నా కొట్టుకొచ్చి, "సముద్రంలో కూడా మా పని చేసేవాళ్ళున్నారోయ్!" అన్నాడు. ఆ మొహంలో అంత సంతోషం నేను ఆయన పెళ్ళినాటి ఫొటోలో కూడా చూడలేదు. ఆ ఫొటోకి పటం కట్టింది కూడా నేనే.

తొట్టి పెట్టాక నెల రోజులు అందులో ఉప్పునీళ్ళూ, రాళ్ళూ తప్ప ఏమీ లేవు. నీళ్ళు కుదురుకోవాలట. వంతు కోసం సెలూన్ బల్ల మీద కూర్చున్నవాళ్ళు "ఈ నీళ్ళకి పేరేం పెట్టావు?" అని ఆటపట్టించారు. నిదానం చలించలేదు. ముందు నత్తలు తెచ్చాడు. తర్వాత ఖాళీ గుల్లల్లో కాపురం ఉండే పీతలు రెండు వచ్చాయి. వాటిలో ఒకటి కాస్త ఒళ్ళు చేసి, ఇల్లు ఇరుకైందని ఒక నత్తను చంపి దాని గుల్లలో దూరింది. ఆ రోజే నిదానం పెద్ద గుల్లలు అరడజను తెచ్చి, కడిగి, ఇసకలో పరిచాడు. ఆ తర్వాత నత్తల జోలికి ఎవరూ పోలేదు. నారింజ రంగు మీద తెల్ల చారలున్న జోకరు చేపలు రెండు తెచ్చినప్పుడు, కావాలనే ఒకటి పెద్దదీ, ఒకటి చిన్నదీ ఎంచుకున్నాడు. ఇద్దరూ సమానమైతే పెత్తనం కోసం కొట్టుకుంటారట. అందరూ కుదురుకున్నాక ఆఖరుగా, ఈమధ్యే, రొయ్య వచ్చింది. తొట్లో చెయ్యి పెడితే వచ్చి వేళ్ళ మీదికెక్కి గోళ్ళు శుభ్రం చేసేది. సగం గడ్డం గీసిన మనిషిని నురగతో వదిలేసి నిదానం ఆ సేవ చేయించుకోవడం నా కళ్ళతో చూశాను.

ఎవరు ఏ చేప గురించి చెప్పినా ఆయన మూడే ప్రశ్నలు అడుగుతాడు. ఏం తింటుంది? ఎంత పెరుగుతుంది? ఎవరితో పడదు? ఒకసారి ఒక బస్సు డ్రైవరు ఫోన్లో ఒక చేపను చూపించాడు. రెక్కలు విసనకర్రల్లా విచ్చుకుని మహా దర్జాగా ఉంది.

"ఇది పెట్టు అన్నా, నీ షాపు అదిరిపోతుంది."

"ఏం తింటుంది?"

"చేపేగా, చేపల మేత తింటుంది."

"నోట్లో పట్టేదల్లా తింటుంది. పొద్దున టిఫినుకి నా జోకర్లు, మధ్యాహ్నం భోజనానికి నా రొయ్య. దాని అందం నీ ఫోన్లోనే ఉండనీ తమ్ముడూ. తల వంచు, నిదానం."

అలాంటి తొట్లోకి ఒక మంగళవారం, నిదానం భోజనానికి ఇంటికి వెళ్ళిన సమయంలో, బావమరిది ఒక చేపను తెచ్చి వదిలాడు. వేలెడు పొడవు, మట్టి రంగు, ఒళ్ళంతా మచ్చలు. గుడ్లు నడినెత్తికెక్కి ఉన్నాయి. కళ్ళ మీద పిలకలు, వెడల్పాటి మూతి. రాతి మీద మోచేతులు ఆన్చుకుని, దారినపోయేవాళ్ళని దబాయిస్తున్నట్టు చూస్తోంది.

"ఎవడ్రా ఈ రౌడీ?" అన్నాడు నిదానం, గుమ్మంలోంచే.

"నేనే తెచ్చాను బావా. మంచిదే. అసలేంటంటే..."

"నన్నడక్కుండా తొట్లోకి చేప ఎలా వచ్చింది?"

ఇంతలో గడ్డానికి ఎవరో వచ్చారు. బావమరిది చెప్పబోయిన మాట అక్కడే ఆగిపోయింది. మళ్ళీ నిదానం అడగలేదు.

శుక్రవారం పొద్దున కొట్టు తెరిచేసరికి రొయ్య రాతి పక్కన వెల్లకిలా పడి ఉంది. పాలిపోయిన ఒళ్ళు, వేలాడే మీసాలు. నిదానం చిన్న వల పెట్టి దాన్ని పైకి తీశాడు. బల్ల మీద నలుగురున్నారు. వాళ్ళ ముందే బావమరిది మీద విరుచుకుపడ్డాడు.

"చంపాడుగా నీ రౌడీ! ఆ మొహం చూస్తేనే తెలియలా? నీకు అన్నీ తొందరే. క్రాఫుకి తొందర, చేపకి తొందర. ఎన్నేళ్ళున్నా నీకు పని రాదురా!"

చివరి మాట చేప గురించి కాదని అక్కడున్న అందరికీ అర్థమైంది. బావమరిది బకెట్ తెచ్చాడు. అందులో తొట్టి నీళ్ళు నింపాడు. ఆ చేపేమో ఈ రాతి కిందికీ ఆ రాతి కిందికీ దూరుతూ అరగంట ముప్పుతిప్పలు పెట్టింది. చివరికి దాన్ని పట్టుకుని, తన కత్తెర, దువ్వెన జేబులో పెట్టుకుని, బకెట్ ఎత్తుకుని వెళ్ళిపోయాడు.

ఇంట్లో సంగతి అడగాలా? "రొయ్యని తిన్నది చేపా, మా తమ్ముడా?" అని భార్య ఒక్కటే ప్రశ్న వేసి, ఆ తర్వాత అన్నం తప్ప మాట వడ్డించడం మానేసిందట. శనివారం కొట్టు నిండా జనం. రెండో కుర్చీ ఖాళీ. సగంమంది లేచిపోయారు. ఆయన ప్రతి ఐదు నిమిషాలకూ ఆ కుర్చీ వంక చూసేవాడు. రొయ్య పోయిందన్న బాధ కన్నా ఆ కుర్చీ బాధే ఎక్కువగా ఉందని నాకు తెలిసిపోయింది. అయినా పిలవడు. మొండిఘటం.

ఆ సాయంత్రం ఒక సబ్బుపెట్టె పట్టుకుని నా కొట్టుకొచ్చాడు.

"దీనికి పటం కట్టాలోయ్."

మూత తీశాను. లోపల దూదిలో రొయ్య. ఈ బల్ల మీద తాతల ఫొటోలకూ, పరీక్ష పాసైన కాగితాలకూ పటం కట్టాను గానీ రొయ్యకు ఎప్పుడూ కట్టలేదు. నవ్వొచ్చినా ఆయన మొహం చూసి ఆపుకున్నాను. తెల్ల అట్ట మీద పెట్టి కొలత తీసుకోబోతుంటే ఏదో తేడాగా అనిపించింది. రెండో రోజు కదా, వాసన రావాలి. రాలేదు. పట్టకారుతో ఎత్తితే బరువే లేదు. దీపం కిందికి తెచ్చాను. ఇవతలి నుంచి చూస్తే అవతలి దీపం కనిపిస్తోంది.

"గురూ, ఇందులో రొయ్య లేదు."

"ఏంటి నీ వేళాకోళం?"

"వీపు దగ్గర చూడు, చీలిక. చొక్కా విప్పినట్టు విప్పేసి పోయింది. ఇది పెంకు మాత్రమే."

నిదానం కళ్ళు తేలేశాడు. ఇద్దరం టార్చి పట్టుకుని సెలూన్‌లోకి పరిగెత్తాం. వెనక రాతి సందులో వెలుగు వేస్తే రెండు తెల్ల మీసాలు కదిలాయి. కొత్త పెంకు గట్టిపడేదాకా దాక్కుని కూర్చుంది మహారాణి! నేను కేక పెట్టాను. నిదానం మాత్రం నేల మీద చతికిలబడ్డాడు.

"ఆ చేప ఏం తింటుందని నేను వాణ్ణి అడగలేదోయ్," అన్నాడు. "ఊళ్ళో అందరినీ అడుగుతాను. వాణ్ణి ఒక్క ప్రశ్నా అడగలేదు."

బావమరిది ఇల్లు రెండు వీధుల అవతల. ఆయన ఒక్కడే వెళ్ళగలిగేలా లేడని నేనూ తోడు వెళ్ళాను. వరండాలో పెద్ద ప్లాస్టిక్ టబ్బు, అందులో గాలి బుడగలు వదిలే గొట్టం. మన రౌడీ అడుగున బోర్లించిన గిన్నె మీద మోచేతులు ఆన్చుకుని కూర్చున్నాడు. బావమరిది లేచి నిలబడ్డాడు గానీ లోపలికి రమ్మనలేదు.

"రొయ్య బతికే ఉందిరా. పెంకు వదిలింది అంతే. తప్పు నాదే."

బావమరిది వంగి టబ్బులోని గొట్టం సర్దాడు. తర్వాత మెల్లగా అన్నాడు.

"నీ మూడు ప్రశ్నలూ చేపల షాపాయన్ని అడిగే తెచ్చాను బావా. ఏం తింటుందన్నాను. రాళ్ళ మీద, అద్దం మీద పట్టే నాచు తింటుందన్నాడు. ఎంత పెరుగుతుందన్నాను. జానెడు దాటదన్నాడు. ఎవరితో పడదన్నాను. తనలాంటిదే ఇంకోటి వస్తే పడదు, రొయ్యల జోలికి పోదన్నాడు. రోజూ పొద్దున్నే ఆ నొప్పి చేత్తో అద్దం మీద నాచు గీకుతావు. ఆ తర్వాత కత్తెర పడితే నీ వేళ్ళు వణుకుతున్నాయి. పక్కనే నిలబడేవాణ్ణి, నాకు కనిపించదా?"

నిదానం కళ్ళు తుడుచుకుని, వంగి, టబ్బుకు ఒక చెవి పట్టుకున్నాడు. రెండో చెవి బావమరిది పట్టుకున్నాడు. దారి పొడవునా నీళ్ళు తొణుకుతుంటే, "నిదానం బావా, నిదానం" అని బావమరిదే కేకలేశాడు.

చేపను తొట్లోకి వదిలాక నిదానం నేరుగా వెళ్ళి రెండో కుర్చీలో కూర్చున్నాడు. తనే గుడ్డ తీసి మెడ చుట్టూ కప్పుకున్నాడు.

"ఏంటి బావా?"

"జుట్టు పెరిగింది. కొట్టు."

"ఇంకో వారంలో పెద్దాయన దగ్గరికి వెళ్తావుగా?"

"వెళ్ళను. కొట్టరా."

ఎప్పుడూ పావుగంటలో తేల్చేసే మనిషి గంటసేపు చేశాడు. కత్తెర ఆడినప్పుడల్లా ఊపిరి బిగపట్టాడు. బల్ల మీద కూర్చుని నేనూ బిగపట్టాను. చివరికి చిన్న అద్దం తెచ్చి వెనక నుంచి చూపించాడు. ఎడమ చెవి మీద రెండు మిల్లీమీటర్లు ఎక్కువ తెగింది. అద్దాలు కోసేవాణ్ణి, నా కంటికి దొరక్కుండా పోతుందా? నిదానం కంటికీ దొరికే ఉంటుంది. ఆయన తల ఇటు తిప్పి, అటు తిప్పి, చాలాసేపు చూసుకున్నాడు.

"బాగుందిరా," అన్నాడు. "వచ్చే నెల కూడా నువ్వే చెయ్యి."