చెరువు గట్టు మీద ఎదురునడక

మా ఆయనకు షికారు పిచ్చి పట్టించింది వాళ్ల ఆఫీసరు. ఆ పెద్దమనిషి రోజూ సాయంత్రం భార్యను వెంటబెట్టుకుని మా పేట చెరువు చుట్టూ తిరిగేవాడు. హోదా ఉన్నవాళ్లు అలాగే తిరుగుతారని మా ఆయన కనిపెట్టారు. అంతే, ఏలూరు కాపురానికి వచ్చింది మొదలు వంటింటికీ నూతికీ మధ్య తప్ప ఎక్కడా నడవని నన్ను, ఐదయ్యేసరికి చీర మార్చుకోమని తొందరపెట్టడం మొదలుపెట్టారు.

కలిసి తిరగడం అంటే ఏమిటో మాత్రం ఆఫీసరును చూసి సరిగ్గా నేర్చుకోలేదు. ఆయన ముందు, నేను వెనక. గొడుగు ఊపుకుంటూ, రైలు తప్పిపోతున్నట్టు నడిచేవారు. ఆ చెరువు చాలా అందంగా ఉంటుందని అందరూ అంటారు. పొద్దువాలే వేళ నీళ్లు బంగారంలా ఉంటాయనీ, కొల్లేటి వైపు కొంగలు బారులు తీరి పోతాయనీ అంటారు. పోయే ఉంటాయి. నాకు కనిపించింది ఆయన చొక్కా వీపు మీద చెమట మరక ఒక్కటే.

అయినా రానని ఎప్పుడూ అనలేదు. మేం ఉన్నది మా బావగారింట్లో. ఇంటినిండా జనం, ఏ గోడ పక్క నిలబడి మాట్లాడినా మా తోడికోడలి చెవిన పడేది. ఆయనతో ఒక్క మాట చెప్పుకోవాలంటే నాకు ఆ గట్టే గతి. ఆ గట్టు మీదేమో ఆయన నాకు అందేవారు కాదు.

అలాంటి రోజుల్లో ఆయనకు కైకలూరు బదిలీ అయింది. నాకు సొంత వంటిల్లు కళ్ల ముందు కనిపించింది. చిన్నదైనా సరే, ఎవరి కంచంలో ఎంత పడాలో నేనే చెప్పే వంటిల్లు. మా తోడికోడలు ఆ ముచ్చట మొదట్లోనే తుంచేసింది.

"అక్కడ దోమలు, చేపల వాసన. ఆ నీళ్లు అమ్మాయికి పడవు. నువ్వొక్కడివీ వెళ్లి హోటల్లో తినబ్బాయ్. సెలవలకి వద్దువుగాని. అమ్మాయి ఇక్కడే ఉంటుంది" అంది.

అమ్మాయి ఉంటేనే కదా పూటపూటకీ ఆ ఇంటిల్లిపాదికీ వంట. నా ఆరోగ్యం మీద ఆవిడకు ఒక్కసారిగా అంత ప్రేమ పుట్టుకొచ్చింది. నా ఒళ్లు మండిపోయింది. మా ఆయన గోడ మీది క్యాలెండరు చూస్తూ నిలబడ్డారు. బావగారు మాత్రం, "ఒక్కడివా, ఇద్దరా, రాత్రి భోజనాల దగ్గర చెప్పు. పొద్దున్నే కైకలూరు వెళ్లే మనిషితో ఇంటికోసం కబురు పెట్టాలి" అన్నారు.

అంటే నాకు మిగిలింది ఆ సాయంత్రపు షికారు. గట్టెక్కగానే అడిగేద్దామనుకున్నాను. గట్టెక్కగానే ఆయన సాగిపోయారు. పరుగులాంటి నడకతో వెంటపడ్డాను. తుమ్మచెట్ల దగ్గర కాల్లో ముల్లు దిగింది. ప్రాణం జివ్వుమంది.

మొగుడి పేరు నోటితో అనకూడదని నాకు నేర్పిన పెద్దవాళ్లు, ఆ మొగుడు వెనక్కి చూడకుండా పోతుంటే ఏం చెయ్యాలో నేర్పలేదు. "ఏవండీ!" అని కేకేశాను. మా వైపు ఏవండీ కాని మగాడు లేడు. గట్టు మీద ఉన్నవాళ్లందరూ తిరిగారు. చేతికర్ర పట్టుకున్న పింఛను తాసిల్దారు తిరిగాడు, సైకిలు తోసుకుంటూ పోతున్న పాలవాడు తిరిగాడు. ఒక్క మా ఆయన తప్ప.

"ఎవర్నమ్మా?" అన్నాడు తాసిల్దారు.

"అదిగోనండి, ఆ గొడుగాయన్నండి."

తాసిల్దారు జాలిపడి, "ఏవండోయ్, మిమ్మల్నేనండి!" అని పెద్దగా అరిచాడు. అప్పుడు తిరిగారు మావారు. తిరిగి, దూడను అదిలించినట్టు రా రమ్మని చెయ్యి ఊపి, మళ్లీ సాగిపోయారు.

ముల్లు పీకి అవతల పారేశాను. ఆ క్షణాన ఆయన్ని కూడా చెరువులో పారెయ్యాలన్నంత కోపం వచ్చింది. వెంటపడితే దొరకరు. చెరువు గుండ్రంగా ఉంది కదా, ఎటు పోతారు? కొంగు బిగించి, వెనక్కి తిరిగి ఎదురు నడవడం మొదలుపెట్టాను. ఆ గట్టు మీద షికారుకొచ్చినవాళ్లందరూ గుడి చుట్టూ తిరిగినట్టు కుడివైపుగానే తిరిగేవారు. "అటు కాదమ్మా, అప్రదక్షిణం తిరక్కూడదు" అంది ఎదురొచ్చిన ముసలావిడ. "మా ఇంట్లో అన్నీ అలాగే ఉన్నాయండి" అని ఆగకుండా పోయాను.

తూము దగ్గర దొరికారు. అక్కడ గట్టు బాగా సన్నం. ఒక పక్క నీళ్లు, ఒక పక్క ముళ్లకంప. మధ్యలో నేను.

"ఇదేంటి, ఇటు నుంచి వస్తున్నావ్?"

"పిలిస్తే తిరగలేదేమండీ?"

"నన్ననుకోలేదు."

ఎంత తేలిగ్గా అన్నారో! "కైకలూరు నేనూ వస్తానండి. రాత్రి బావగారితో మీరే చెప్పాలి" అన్నాను.

"అందరూ చూస్తున్నారు. ముందు పక్కకి జరుగు."

"జరగనండి."

నా వెనక పాలవాడు సైకిలు గంట కొట్టాడు. ఆయన వెనక, ఎవరొచ్చారనుకున్నారు, సాక్షాత్తూ ఆఫీసరు, భార్యతో పాటు వచ్చి ఆగాడు. మా ఆయన మొహంలో నెత్తురుచుక్క లేదు. "చెప్తాను" అన్నారు. నన్ను చూసి కాదు, ఆఫీసరును చూసి. అది చాల్లే అని జరిగాను.

రాత్రి కంచంలోకి చూస్తూ, "ఇద్దరం వెళ్తామండి అన్నయ్యా" అన్నారు. మా తోడికోడలు గరిటె విసిరికొట్టింది. మేం బయలుదేరేదాకా నాతో మాట్లాడలేదు. దారికడ్డంగా గేదెలా నిలబడ్డానని పేటంతా చెప్పింది. నిలబడ్డాను మరి.

కైకలూరు వెళ్లడానికి కొల్లేట్లో పడవెక్కాం. ఆడవాళ్లందరినీ ముందు కూర్చోబెట్టారు, మగవాళ్లను వెనక. పడవ సాగాక నీళ్లను చూశాను, కొంగలను చూశాను. ఇన్నాళ్లకు నా ముందు ఎవరి వీపూ లేదు.

కాసేపటికి వెనకనుంచి, "ఇదిగో! నిన్నే!" అని వినిపించింది. పెట్టె తాళంచెవి కావాలి కాబోలు, అది నా కొంగుకే ఉంది. ఆడవాళ్లందరూ తిరిగారు. నేను తిరగలేదు. "ఇదిగో, వినపడ్డంలా?" అన్నారు. కొంగలు బాగున్నాయి, చూస్తూ కూర్చున్నాను. ఆయన లేచి ముందుకొద్దామంటే పడవ ఊగుతుందని పడవవాడు కసిరాడు.

ఆ తర్వాత, పెళ్లయ్యాక మొదటిసారి, అంతమంది ముందు, ఆయన నా పేరు పెట్టి పిలిచారు.

అప్పుడు తిరిగాను.

"నన్నాండీ? ఇంకెవర్నో అనుకున్నాను."