వెళ్ళొస్తానన్న మాట

ఈ రోజు తప్పు సలహా ఇచ్చాను. తెలియక కాదు, మొహమాటానికి. రాజేశ్వరి జాలారిపేట అమ్మాయి, నర్సు. రేపు ఉద్యోగానికి జర్మనీ వెళ్తోంది. వన్ టౌన్‌లోని మా ఆఫీసుకు వచ్చి, ఇక్కడి బ్యాంకు ఖాతా, మ్యూచువల్ ఫండ్లు ఏం చేయాలని అడిగింది. వెళ్ళిపోతున్నట్టు బ్యాంకుకు చెప్పి, ఖాతాను ప్రవాసుల ఖాతాగా మార్పించుకోవాలని చెప్పబోయాను. పక్కనున్న వాళ్ళత్త అడ్డుపడింది.

"ఎల్లిపోద్దనకు బాబూ. ఎల్లొస్తాది."

సరే, ఎలా ఉన్నవి అలా ఉంచేయమ్మా, తర్వాత చూద్దాం అనేశాను.

వాళ్ళు మెట్లు దిగుతుండగా హార్బర్‌లో ఓడ కూత వేసింది. గదిలో నీలగిరి తైలం వాసన. ఆ తైలం రాసుకునే మా ఆడిటర్ కనకరాజు గారు పోయి చాలా కాలమైంది. ఆయన బల్ల మీద ఇప్పటికీ పొద్దున్నే నేను నింపి పెట్టే గ్లాసులో నీళ్ళు సగానికి దిగి ఉన్నాయి.

నాకు పని నేర్పింది ఆయనే. ఓడల మీద పోయేవాళ్ళు, గల్ఫ్ వెళ్ళే వెల్డర్లు ఆయన దగ్గరికి వచ్చేవారు. అందరూ చేసే తప్పు ఒకటే అనేవారు. "వెళ్తాను" అనడం మనకు అశుభం. గడప దగ్గర మింగేసిన ఆ మాటను బ్యాంకులోనూ మింగేస్తారు.

"టేక్సోళ్ళు ఎన్నాళ్ళున్నావో సూస్తారు, బేంకోళ్ళు ఎందుకెల్లావో సూస్తారు. ఇంట్లో ఎల్లొస్తానను. బేంకుకి మాత్రం ఎల్తన్నానని సెప్పు," అన్నారొకసారి ఒక వెల్డర్‌తో.

అతను నవ్వాడు. "సెప్పకపోతే నన్నెతుక్కుంటా దుబాయ్ వచ్చేత్తారేటి సార్?"

"నిన్నెతకరు. ఇక్కడున్నోడితో మాటాడతారు."

"ఇక్కడెవడున్నాడండి?"

ఆయన అతని కాగితాలు మడిచి చేతికిచ్చేశారు.

ఆ ప్రశ్నకు జవాబు మరో సాయంత్రం నాకు ఆయనే చెప్పారు. ఆయన అన్నయ్య సింగపూర్ ఉద్యోగానికి వెళ్ళి అక్కడే చనిపోయాడు. ఖాతా మాత్రం ఇక్కడ కాపురముంటున్న మనిషిదిగానే ఉండిపోయింది. వడ్డీ గురించి, పన్ను గురించి పోయిన అన్నయ్య పేరునే ఇంటికి ఉత్తరాలు వస్తూ ఉండేవి. ఉత్తరం వచ్చినప్పుడల్లా వదిన ఆ పోయిన భర్తకు కంచం, గ్లాసుతో నీళ్ళు పెట్టేది. లేని మనిషికి ఎవరైనా రాస్తారా అనేది.

"పిచ్చనుకున్నాన్రా. ఓ రోజు ఎదురుగా కూకున్నాను. గ్లాసులో నీళ్ళు తగ్గాయి."

"ఎండకి ఇగిరిపోయుంటాయి సార్."

"వానాకాలంరా."

ఈ సాయంత్రం ఆటోలో జాలారిపేట వెళ్ళాను. పొద్దున చెప్పింది తప్పని వాళ్ళత్త ఎదుటే ఒప్పుకున్నాను. అక్కడ చేరగానే బ్యాంకుకూ ఫండ్ల వాళ్ళకూ ఏం తెలపాలో, ఇక్కడి వడ్డీని అక్కడి పన్నుల్లో ఎందుకు చూపాలో విడమరిచి చెప్పాను. అత్త లోపలికి వెళ్ళిపోయింది.

"బ్యాంకుకి ఏమని చెప్తావు?" అని అడిగాను.

రాజేశ్వరి గుమ్మం దాటి ఇసుకలోకి దిగింది. సముద్రం వైపు తిరిగి, "ఎల్తన్నానండి," అంది. లోపల గిన్నె ఏదో కిందపడింది.

మళ్ళీ ఆఫీసుకు వచ్చాను. కిటికీలు వేసే ఉన్నాయి. గ్లాసులో చుక్క నీరు లేదు. గుమ్మం పైన బోర్డు మీద ఆయన పేరు నేనింకా తీయించలేదు. ఆయనకు వచ్చే ఉత్తరాలు ఆ బల్ల మీదే పెడుతున్నాను. ఆయన వదినగారి సంగతి విని జాలిపడిన మనిషిని నేను.

"మీరు వెళ్ళిపోయారు సార్," అన్నాను. గ్లాసు కడిగి బోర్లించాను.

తలుపు వేసేటప్పుడు వెళ్ళొస్తాను సార్ అనడం రోజూ నాకలవాటు. ఈ రోజు ఏమీ అనకుండా తాళం వేశాను.