ఇంటి నంబరు గడి

ఆ రోజుల్లో మన ఆఫీసుల్లో మార్పు రాకపోవడానికి ముసలి గుమాస్తాలే కారణమని నా గట్టి నమ్మకం. మహబూబాబాద్ దగ్గర ఒక మండలాఫీసులో కొత్తగా చేరాను. అక్కడి సీనియర్‌ను అందరూ రిజిస్టర్ బాపు అనేవారు. కంప్యూటర్ వచ్చిన నాడు దానికి కుంకుమ బొట్టు పెట్టి, పైన తువ్వాల కప్పి, మళ్ళీ తన రిజిస్టరే తెరిచాడు మహానుభావుడు. ఏ తండాలో ఎవరి పిల్ల ఎవరో ఆయనకు నోటికొచ్చు. నాకేమో ఒళ్ళు మండింది. ఒకనాడు ఆయన చాయ్ తాగడానికి పోయినప్పుడు ఆ రిజిస్టర్‌ను బీరువాలో పెట్టి తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకున్నాను. (సంస్కరణ అంటే అదే అనుకున్నాను. ఇరవై మూడేళ్ళ తెలివి మరి!) పెద్దసారు భుజం తట్టారు. మిగతావాళ్ళు కూడా నేననుకున్నంత ఎదురు చెప్పలేదు. పని మీద వచ్చినవాళ్ళతో "సిస్టం తీసుకుంటలేదు, రేపు రాండ్రి" అనొచ్చని రెండు రోజుల్లోనే కనిపెట్టారు. లేదనడానికి కొత్త దారి దొరికితే మార్పును ఎవరు కాదంటారు?

నెల తిరక్కుండా గార్ల వైపు తండా నుంచి ఒకామె కూతుర్ని వెంటబెట్టుకొని వచ్చింది. పిల్లకు గురుకులంలో సీటొచ్చింది. ఆ సాయంత్రంలోగా కుల సర్టిఫికెట్ ఇవ్వకపోతే అది పోతుంది. ఇంటి నంబరు గడి దగ్గర కంప్యూటర్ ఆగిపోయింది. వాళ్ళ గుడిసెకు నంబరే లేదు.

"తాళం తియ్యి బిడ్డా. గీ పిల్ల తాతను గూడ నేనెరుగుదు. రిజిస్టర్ చూసి చేత్తో రాసిస్త, పెద్దసారు దస్కత్ పెడ్తడు," అన్నాడు బాపు.

రూల్ రూలే అన్నాను. తాళంచెవి జేబులోనే ఉంది. ఐదింటిదాకా కూర్చొని తల్లీకూతుళ్ళు లేచి వెళ్ళిపోయారు.

మరుసటి ఏడు కేసముద్రం మార్కెట్లో కింద చిందిన మొక్కజొన్నలు ఏరుతున్న ఆడవాళ్ళలో ఆ పిల్ల కనబడింది. తప్పుకుందామనుకున్నాను. తనే గుర్తుపట్టి, చేట పక్కన పెట్టి లేచింది.

"సారూ, మా ఇంటికి నంబరొచ్చిందా?"

వెటకారం కాదు, నిజంగానే అడిగింది. బస్సుకు టైమైందని చెప్పి వచ్చేశాను. బస్సులో ఏడ్చాను.

ఇప్పుడు బాపు కుర్చీ నాది. మొన్న కొత్తగా చేరిన అమ్మాయి ఫోన్లో ఏదో కొత్త యాప్ చూపించి, ఇక కాగితాలే వద్దంది. ఇంటి నంబరు లేనోళ్ళ సంగతేందమ్మా అని అడిగాను. ఆ గడి నింపకుంటే ముందుకు పోదు సార్ అంది. అయితే నా రిజిస్టర్ కూడా ఉంటుందన్నాను. ఆమె బయటికి పోయి, ఈ ముసలాయన మార్పు రానివ్వడని ఎవరితోనో అంటుంటే వినబడింది. (నాకింకా నలభై నిండలేదు!) అచ్చం నా మాటే. నవ్వొచ్చింది. నా వెనక బాపు కూడా ఇట్లాగే నవ్వుకొని ఉంటాడు. బీరువాకు మాత్రం నేనెప్పుడూ తాళం వేయను.