డెక్కు మూయకముందే మా పడవలోకి దిగి చూశాను

రేపు డెక్కు మూసేస్తామని పడవలు కట్టే యార్డు నుంచి ఫోన్ వచ్చినప్పటి నుంచి నాకు కాలు నిలవలేదు. డెక్కు అంటే పడవకు పైమూత. అది పడ్డాక లోపల ఏదీ మార్చలేరు. చేపల పెట్టె బల్క్‌హెడ్డుకు ముందు పెట్టానని ఇంజినీరు చెబితే, మా చిన్నోడు అప్పన్న "సరే సార్" అనేశాడు. "బల్క్‌హెడ్డంటే ఏటిరా?" అని అడిగాను. "ఏదో గోడంటమ్మా. ఆలకి తెల్దేటి?" అని విసుక్కున్నాడు. ఆ పడవెక్కి కెరటాల్లోకి వెళ్లేది వాడు, ఇంజినీరు కాదు. నాకు చదువు రాదు. నేను చెబుతుంటే మనవరాలు రాస్తోంది. కొత్త పడవకు ఆర్డరిచ్చినవాళ్లు నా మాట వినాలి.

యార్డు పూసపాటిరేగ ఒడ్డున ఉంది. తెల్లవారగానే కళింగపట్నంలో ఆటో ఎక్కాను. శ్రీకాకుళం కాంప్లెక్సులో విశాఖ వైపు వెళ్లే బస్సులన్నీ పూసపాటిరేగలో ఆగవు, అడిగి ఎక్కాలి. టికెట్టు వందలోపే. రణస్థలం దగ్గర లారీల వెనక బస్సు నిలిచిపోతే డ్రైవరు దగ్గరికి వెళ్లాను.

"ఏటి బాబూ, తోస్తే గానీ కదల్దా?"

"నువ్వు దిగి తొయ్యి మామ్మా, నాను హారను కొడతాను."

బస్సంతా నవ్వింది. నాకు నవ్వు రాలేదు. పూసపాటిరేగ నుంచి ఒడ్డుకు షేరు ఆటోలు తక్కువ. రెండొందలిచ్చి ఒక్కదాన్నే వెళ్లాను.

యార్డు షెడ్డు నిండా ఫైబరు పడవకు పూసే రెసిన్ ఘాటు. నిచ్చెనెక్కి పడవలోకి దిగిపోయాను. ఇంజినీరు కంగారుగా వెనకే దిగాడు.

"బల్క్‌హెడ్డు సూపించు."

ఆయన ఒక అడ్డుగోడ మీద చెయ్యి వేశాడు. దానికి అవతల, సరిగ్గా అణియంలో, అంటే పడవ ముక్కులో, చేపల పెట్టె ఉంది.

"వల ఎక్కడేస్తామనుకున్నావు బాబూ?"

"వెనకే కదా మామ్మగారూ. హార్బరు పడవలన్నీ అంతే. ఆ బరువుతోనే లెక్క కట్టాం."

"మాకు హార్బరెక్కడుంది? ఇసక మీదికే వస్తాం. ఎనక ఇంజనుంటాది, తిప్పీవోడుంటాడు. తడిసిన వల లాగి ముందరే కుప్పేస్తాం. దానికి తోడు సేపలూ ఐసూ అక్కడేనా? ఒడ్డు కెరటం ఎనకనుంచి తోస్తే ముక్కు ములిగి పడవ అడ్డం తిరిగిపోతాది. మా అన్న పడవ అలాగే తిరగబడింది. ఆడు మరి దొరకనేదు."

 "వల ముందు వేస్తామని మీవాళ్లు చెప్పలేదు మామ్మగారూ" అన్నాడు ఆయన. నిజమే. వల ముందు వేయడం మాకు చెప్పక్కర్లేని సంగతి, వెనక వేయడం ఆయనకు అడగక్కర్లేని సంగతి.

పెట్టె వెనక్కి జరపాలంటే ఇంజను అడ్డం. పెట్టెలో ముక్కు వైపు సగం కోసి, ఆ చోటు ఖాళీగా మూసేయడం ఒక్కటే దారి. అప్పుడు పట్టే చేప సగమే. ఇంజినీరు అప్పన్నకు ఫోన్ కలిపి, సంగతి చెప్పి, నా చేతికిచ్చాడు.

"అమ్మా, సేప బాగా పడిన నాడు ఏటి సెయ్యాలి?"

"మిగిలింది సముద్రంలో ఒగ్గెయ్యిరా. నువ్వు ఒడ్డుకి రా."

 "అయితే కోయించెయ్యమ్మా" అన్నాడు అప్పన్న.

కోత మిషను పెట్టె గోడలోకి దిగేదాకా నేను అక్కణ్నుంచి కదల్లేదు.

తిరుగు బస్సులో సీటు దొరికినా కుదురుగా కూర్చోలేకపోయాను. సగం పెట్టెతో ఇల్లు ఎలా గడుస్తుందో తెలియదు. ఆ పడవ మొదటిసారి వేటకెళ్లి, ఒడ్డు కెరటం దాటి, ఇసక తాకేదాకా నా గుండె నా చేతిలో ఉండదు. పెట్టె చిన్నదైందని ఊళ్లో అనేవాళ్లు అననీ. మీరు యార్డుకు వెళితే డెక్కు పడకముందే వెళ్లండి. పడవ నడిపేవాణ్ని వెంట తీసుకెళ్లి, వల ఎక్కడ వేస్తాడో అక్కడ నిలబెట్టి, ఇంజినీరు కళ్లకు చూపించండి.