అరచేయంత గొంగడి

పోయిన శుక్రవారం పొద్దున, దేవరకొండలో మా పక్కింటి చాచా కన్నుమూశారని వాళ్ల అబ్బాయి ఫోన్ చేశాడు. వినగానే నాకు ఆయన చేతులు గుర్తొచ్చాయి. పరుపులు, బొంతలు కుట్టిన చేతులవి. దుకాణానికి ఎవరొచ్చినా ముందు పిడికెడు దూది చేతిలో పెట్టేవారు. "పిసికి సూడుండ్రి. నచ్చకుంటే ఛాయ్ తాగి పోండ్రి." ఛాయ్ తాగి వెళ్లిపోయినవాళ్లు చాలామందే. ఆయనకు వాళ్ల మీద ఏనాడూ కోపం రాలేదు.

తొంభైల చివర్లో నేను నల్లగొండలో కంప్యూటర్ కోర్సు చేసి వచ్చాను. తల నిండా ఇంటర్నెట్టే. మేం కురుమలం, గొర్రెలు కాసి ఆ ఉన్నితో గొంగళ్లు నేస్తాం. ఫొటో పెడితే చాలు, దేశమంతా ఎగబడి కొంటుందనుకున్నాను. సొంత కంప్యూటర్ కోసం మంద అమ్మేద్దామని ఇంట్లో పట్టుబట్టాను. బాపు కంచం ముందు నుంచి లేచి వెళ్లి చాచా దుకాణంలో కూర్చున్నాడు.

చాచా పిలిపిస్తే, తిట్లు తప్పవనుకుంటూ వెళ్లాను.

"మంద అమ్ముడు ఒక్క పూట పని బేటా. మళ్ల కట్టాల్నంటే ఎన్నేండ్లు గావాలె? నల్లగొండల కంప్యూటర్ కిరాయికి దొరుకుతది గదా. ముందుగాల నీ మొకం తెల్వనోనికి ఒక్క గొంగడి అమ్ము, సూద్దాం."

వారం వారం బస్సెక్కి వెళ్లి ఇంటర్నెట్ సెంటర్‌లో గంటసేపు కూర్చునేవాణ్ని. మూడో నెలలో బెంగళూరు ఆయనొకరు అడిగారు. వాడంతా చాటింపు వేసి మరీ పార్సిల్ పంపాను. పదిహేను రోజులకు అది తిరిగొచ్చింది, "దుప్పటి అడిగితే అట్ట పంపారు" అన్న చీటీతో. కొత్త గొంగడికి చింతగింజల గంజి పెడతాం. అందుకే బిరుసుగా ఉంటుంది, కప్పుకోగా కప్పుకోగా మెత్తబడుతుంది. ఇది మా పసిపిల్లలకూ తెలుసు. బెంగళూరు ఆయనకు చెప్పాలని మాత్రం ఇంటిల్లిపాదిలో ఒక్కరికీ తట్టలేదు.

నేను సిగ్గుతో చచ్చిపోతుంటే చాచా కడుపు పట్టుకుని నవ్వారు. "ఒక్కటే గదా వాపసొచ్చింది! మంద అమ్మి వంద పంపితే ఏమైతుండె?" అంటూ పెద్ద కత్తెర తీసి, ఆ గొంగడిని అరచేయంత ముక్కలుగా కోయడం మొదలుపెట్టారు. బాపు ప్రాణం విలవిల్లాడింది.

"అడిగినోనికి ముందు గీ ముక్క కవర్ల పెట్టి పంపు. గంజి సంగతి గూడ రాయి. ముట్టి సూసినంక కొంటే కొంటడు, లేకుంటే లేదు. ఫికర్ జెయ్యకు."

ముక్క అందుకుని ఊరుకున్నవాళ్లే ఎక్కువ. కొన్నవాళ్లు మాత్రం మళ్లీ అడిగారు. నెలకు ఒకటి, రెండు, తర్వాత నాలుగు. ఇంట్లో కంప్యూటర్ పెట్టడానికి ఐదేళ్లు పట్టింది. నేనేం గొప్పవాణ్ని కాలేదు గానీ, ఇవాళ్టికీ ఆ పనితోనే హాయిగా బతుకుతున్నాను. ఈ మాట చాచాతో ఎన్నోసార్లు అన్నాను. అన్నప్పుడల్లా ఆయన ఛాయ్ పోయించారు.

ఆ శుక్రవారం సాయంత్రం చాచా జనాజా సాగుతుంటే ఎదురుగా మా తమ్ముడు గుట్ట దిగి మందను తోలుకొస్తున్నాడు. పొద్దుటి నుంచి అడవిలో ఉన్నవాడికి కబురు అందలేదు. మమ్మల్ని చూసి ఎవరని అడిగాడు. చెప్పగానే కర్ర కింద పడేసి, వచ్చి జనాజాకు భుజం పట్టాడు. తోలేవాళ్లు లేని ఆ మంద మా వెనకే నడుచుకుంటూ ఖబ్రస్తాన్ గోడ దాకా వచ్చింది.